ఊరట పేజీలో ఉయ్యాల

ఆ వేసవిలో మద్దిలేటికి ఒకటే దిగులు పట్టుకుంది. గురువుగారి మాటలు మనుషులకు చేరాలంటే ఖర్చవుతోంది. ఆ ఖర్చు పెట్టుకోవడం ఇక తనవల్ల కావడం లేదు.

గురువు దస్తగిరి తాత. ఆదోని దాటి తుంగభద్ర వైపు పోయే దారిలో, పత్తిచేల నడుమ, బండల కప్పు కింద, తన గురువు సమాధి పక్కనే ఉంటాడు. ఆ చోటును చుట్టుపక్కల వాళ్ళు మకానం అంటారు. ఆయనది ఫకీర్ల పరంపర. దగ్గరికి వచ్చేవాళ్ళకు మాత్రం కులమూ మతమూ ఏదీ లేదు. ఆయన తాయెత్తు కట్టడు. విభూతి ఇవ్వడు. జరగబోయేది చెప్పడు.

ఇంట్లో మనిషి పోయినవాళ్ళు ఆయన దగ్గరికి వస్తారు. వసారాలో ఈతచాప మీద కూర్చుంటారు. తాత వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఏం జరిగిందని అడగడు. చెబితే వింటాడు. చెప్పకపోతే వాళ్ళతోపాటు ఊరికే కూర్చుంటాడు. వాళ్ళు లేచేముందు ఒక మాటో రెండు మాటలో అంటాడు. ఒక్కోసారి అదీ ఉండదు. జొన్నరొట్టె పెట్టి పంపిస్తాడు.

మద్దిలేటి కూడా అట్లా వచ్చినవాడే. అంతకుముందు హైదరాబాదులో ప్రకటనల కంపెనీలో పనిచేసేవాడు. ఫోన్లలో జనం ఏం వెతుకుతున్నారో కనిపెట్టి, సరిగ్గా ఆ సరుకే వాళ్ళ కళ్ళముందు పెట్టడం అతని పని. తమ్ముడు రంగముని విషజ్వరం వచ్చి వారం తిరక్కుండా పోయాడు. దినాలు అయ్యాక మద్దిలేటి మకానానికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడూ అంతే. అట్లాగని వెళ్ళిపోనూ లేదు. ఉద్యోగం వదిలేసి అక్కడే ఉండిపోయాడు. వాకిలి ఊడ్చాడు, నీళ్ళు మోశాడు, రొట్టెలు తట్టడం నేర్చుకున్నాడు. తమ్ముడి పేరు మాత్రం నోటినుంచి రాలేదు. సంగతి ఊళ్ళోవాళ్ళ ద్వారా తెలిసినా తాతా అడగలేదు.

వచ్చినవాళ్ళతో తాత అనే మాటలు వినగా వినగా అతనికి ఒక ఆలోచన వచ్చింది. ఇంత దూరం రాలేనివాళ్ళు ఎంతమంది ఉంటారు! ఈ మాటలు వాళ్ళకెవరు చెబుతారు? ఒక వెబ్‌సైట్ కట్టాడు. దానికి 'ఊరట' అని పేరు పెట్టాడు. భార్య పోయినవాళ్ళకు ఒక పేజీ, కొడుకు పోయినవాళ్ళకు ఒకటి, పుట్టకముందే బిడ్డ పోయినవాళ్ళకు ఒకటి. అక్కడక్కడ తాత గొంతు కూడా వినబడేట్టు పెట్టాడు. తమ్ముడు పోయినవాళ్ళకు మాత్రం పేజీ లేదు. ఎవరూ అడగలేదు కాబట్టి తనకూ గుర్తు రాలేదనుకున్నాడు.

తాతకు వినిపిస్తే ఆయన నవ్వాడు. "ఇది నా గొంతేనా? ఎవరో ముసలోడు మాట్లాడినట్లుండాదే!"

సైటైతే కట్టాడు గాని, దానికి ఎవరూ రాలేదు. లోకంలో కోటి సైట్లు. అందులో ఇదొకటి. అప్పుడు మద్దిలేటి తన పాత విద్య బయటికి తీశాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఫోనులో ఏదైనా వెతికితే, అన్నిటికంటే పైన ఊరట కనబడాలి. అట్లా కనబడేట్టు చేసే కంపెనీలున్నాయి. ఎవరైనా దాని మీద నొక్కి లోపలికి వచ్చిన ప్రతిసారీ ఆ కంపెనీకి ఇంత అని ఇచ్చుకోవాలి. మద్దిలేటి దాచుకున్న డబ్బు తీసి పోశాడు.

జనం రావడం మొదలయింది. తెనాలి నుంచి ఒక పెద్దాయన రాశాడు: "నా భార్య పోయినప్పటినుంచి అన్నం ముందు కూర్చోలేకపోయాను బాబూ. మీ తాతగారి గొంతు విన్నాక ఈ పూట తిన్నాను." మద్దిలేటి ఆ ముక్క తాతకు చదివి వినిపించాడు. "ఏమి తిన్నాడో రాసినాడా?" అని మాత్రం అడిగాడు తాత.

దాచుకున్నది అడుగంటింది. అదీ ఆ వేసవిలో అతని దిగులు.

ఒకరోజు సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని రొట్టె తడుతూ ఉండగా దారి తోచింది. రొట్టె పెనం మీదే వదిలి, వాకిట్లో వేపనీడన కూర్చున్న తాత దగ్గరికి పోయాడు.

"సామీ, ఇంగ దిగుల్లేదు. మన పేజీల్లో ప్రకటనల బొమ్మలు పెట్టిస్తా. జనాన్ని తెచ్చేదానికి మనకయ్యే ఖర్చు, ఆ జనం చూసే బొమ్మలనుంచే వస్తాది. కిందికీ మీదికీ సరిపోతాది."

"ఏం బొమ్మలు?"

"చీరలో, సబ్బులో, సెల్‌ఫోన్లో. ఏవో ఒకటి సామీ."

"ఎవరు పెడతారు వాటిని?"

"మనం పెట్టేది ఉండదు. మిషనే పెడతాది. చూసే మనిషికి ఏం కావల్లో దానికి తెలుసు."

"తెలుసా!" అన్నాడు తాత.

ఆశ్చర్యపోయి అన్నాడో, మరెందుకన్నాడో మద్దిలేటికి తెలియలేదు. తాత అటువైపు తిరిగి, "రొట్టె మాడుతున్నట్లుండాది, చూడు నాయనా" అన్నాడు.

బొమ్మలు పెట్టాక ఊరట తన కాళ్ళమీద తను నిలబడింది. మద్దిలేటికి ఆ పనిలో చెయ్యి తిరిగిన నేర్పు ఉంది. ఏ మాటకు ఎంత ధరో అతనికి తెలుసు. బంగారం, స్థలాలు, అప్పులు అని వెతికేవాళ్ళ కోసం కంపెనీలు ఎగబడతాయి కాబట్టి ఆ మాటలు ఖరీదు. ఏడుపు మాటలకు గిరాకీ లేదు. 'కడుపులో బిడ్డ కదలడం లేదు', 'బిడ్డ పోయింది ఏం చేయాలి' అని వెతికేవాళ్ళను పిలుచుకోవడం చాలా చవక. అదే పేజీలో పడే బొమ్మలకు మాత్రం మంచి ధర పలుకుతోంది. అన్ని పేజీలకంటే ఎక్కువ.

ఎందుకు పలుకుతోందో అతను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే తెలిసేదే. ఒకప్పుడు అతను జీతం తీసుకున్నది ఆ సంగతి తెలిసినందుకే. ఆ పేజీలో ఇంకో రెండు చోట్ల బొమ్మలకు వీలు కల్పించి, ఆ మాటలు వెతికేవాళ్ళను ఇంకా ఎక్కువమందిని రప్పించాడు.

కంపెనీకి ఇచ్చుకోగా మిగలడం కూడా మొదలయింది. వానాకాలం రాకముందే కప్పులో పగిలిన బండ మార్పించాడు. మకానానికి జొన్నలు బస్తాలకు బస్తాలు వచ్చాయి. అతిథులకు కొత్త దుప్పట్లు తెచ్చాడు. తాత ఆ దుప్పటి తడిమి చూసి, "మెత్తగుండాది" అన్నాడు. మద్దిలేటికి అది చాలనిపించింది. చాప పరుస్తున్నప్పుడు కూడా అతని నడకలో ఒక ఠీవి వచ్చింది.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం మకానం ముందు ఆటో ఆగింది. నడుపుకుంటూ వచ్చినవాడు దిగి, వెనకసీటులోంచి పొడుగాటి అట్టపెట్టె బయటికి లాగాడు. ఆ తర్వాత భార్యను చెయ్యి పట్టుకుని దింపాడు. ఇరవై ఏళ్ళు దాటీ దాటని పిల్ల. తలకు బాలింత గుడ్డ కట్టి ఉంది. చేతుల్లో బిడ్డ లేదు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చారు. అతని పేరు ఈరన్న, ఆమె హంపమ్మ. ఇద్దరూ చాప మీద కూర్చున్నారు. పెట్టె పక్కన పెట్టుకున్నారు. తాత వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మద్దిలేటి నీళ్ళచెంబు తెచ్చిపెట్టి, ఎప్పటిలాగే గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

ఆమె రవిక ముందు భాగం తడిసి ఉంది. అది కనబడకుండా కొంగు లాక్కుంటోంది, మళ్ళీ తడుస్తోంది. బిడ్డ లేడని పాలకు తెలియలేదు.

చివరికి ఈరన్నే నోరు విప్పాడు. "సామీ, ఇది మీరు పంపినారంట కదా. ఏం చేయమంటారు దీన్ని? మా యమ్మ దీన్ని చూసి ఏడుస్తాంది. ఈ పిల్ల తీయనీయదు. మిమ్మల్నే అడుగుదామని తెచ్చినా."

తాత ఆమె వైపు చూశాడు.

"తొమ్మిది నెలలూ నిండినాయి తాతా" అంది హంపమ్మ. ఆమె గొంతు ఎవరిదో కబురు చెబుతున్నట్టు ఉంది. "ముందురోజు కూడా తన్నినాడు. పొద్దున్నే కదల్లేదు. ఆస్పత్రికి పోతే, పోయినాడన్నారు. పోయినోణ్ణే కన్నా. మొగపిల్లోడు."

హంపమ్మ తడిసిన కొంగు మళ్ళీ లాక్కుంది.

"ఇంటికొచ్చినంక ఫోనులో మీ మాటలు దొరికినాయి. రోజూ చదివేదాన్ని. 'ఒడి ఖాళీ అయిందని భయపడొద్దు తల్లీ, ఒడి ఎప్పటికీ ఒడే' అని చెప్పినారు కదా. ఆ మాట కిందనే ఉయ్యాల ఉండాది. నీలం గుడ్డ ఉయ్యాల, బాతుబొమ్మలుండేది. ఏంటికి పెట్టినారా అని ఆలోచన చేసినా. ఉయ్యాల కట్టుకో, మళ్ళా వస్తాడు అని తాత చెప్తాండాడేమో అనుకున్యా. దాని మీద నొక్కితే ఏవేవో అడిగింది. అన్నీ రాసినా. నాల్గు దినాలకు ఇంటికి వచ్చింది."

గుమ్మం దగ్గర మద్దిలేటి చెయ్యి ద్వారబంధం మీద పడింది.

"కట్టుకుని కూచున్యా" అంది ఆమె. "ఎవరూ రాల్య. అయినా కూచున్యా. మళ్ళా ఫోను చూస్తే ఆ మాట కిందనే ఇంగో ఉయ్యాల. ఎర్రది. తెల్లారితే పచ్చది. రోజూ పంపిస్తానే ఉండారు." ఆమె మొదటిసారి తల ఎత్తి తాత కళ్ళలోకి చూసింది. "ఇంగ ఎన్ని తెప్పించుకోవల్ల తాతా?"

తాత మద్దిలేటి వైపు తిరగలేదు. కంటి చివరనుంచైనా చూడలేదు. కూర్చున్నచోటునుంచి మెల్లగా ముందుకు వంగి, ఆ పిల్ల పాదాల ముందు బండమీద నొసలు ఆనించాడు. తెల్లటి తలపాగా జారి పక్కకు పడింది.

"అయ్యో సామీ!" అని ఈరన్న లేవబోయాడు.

"తప్పు నాది తల్లీ" అన్నాడు తాత, తల ఎత్తకుండానే. "నా వాకిట్లో జరిగింది. నాదే."

ఏం తప్పో ఆమె అడగలేదు. ఆయన నెరిసిన తలవైపే చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఆమె గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. ఆస్పత్రినుంచి ఇప్పటిదాకా ఆమె ఏడవలేదని ఈరన్న తర్వాత చెప్పాడు. పొద్దు వాలేదాకా ఏడ్చింది. తాత అక్కడే ఉన్నాడు. ఈరన్న గోడకు ఆనుకుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

పోయేటప్పుడు పెట్టె అక్కడే వదిలిపోయారు.

ఆటో చప్పుడు దూరమయ్యాక మద్దిలేటి వచ్చి తాత ఎదుట నిలబడ్డాడు. తిడతాడని ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు. తాత తలపాగా విదిలించి మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

"సామీ, ఆ పిల్ల కడుపుతో ఉన్నప్పుడు బిడ్డ బట్టలు, అవీ ఇవీ ఫోనులో చూసుకునింటాది. మిషన్ అది గుర్తు పెట్టుకుంటాది. బిడ్డ పోయినాడని దానికి తెలీదు."

"ఊఁ."

"దానికో మార్గముంది సామీ. ఆ రకం బొమ్మలు రాకుండా ఆపొచ్చు. ఉయ్యాలలు, బిడ్డ సామాన్లు ఒకటి కూడా రాకుండా ఈ పొద్దే చేస్తా."

తాత తలపాగా చుట్టడం ఆపాడు. "మరి నీ తమ్ముడు పోయినాడే నాయనా. నీకు ఏ బొమ్మ రాకుండా ఆపల్ల?"

ఆ మకానంలో తమ్ముడి ఊసు ఎత్తడం అదే మొదటిసారి.

మద్దిలేటి జవాబు కోసం వెతికాడు. ఆస్పత్రి మంచం పక్కన తాగకుండా మిగిలిపోయిన కొబ్బరిబోండాం గుర్తొచ్చింది. అది ఆపాలి. రంగముని కొనివ్వమని అడిగిన తెల్లబూట్లు. అవీ ఆపాలి. వాడు ఎక్కిన రాత్రిబస్సు, కప్పుకున్న గళ్ళదుప్పటి, ఇష్టంగా తినే ఉగ్గాని, బజ్జీ. దువ్వెన. పౌడరు డబ్బా. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉన్నాయి. ఇది చూపించినా ఫరవాలేదు అనదగ్గ వస్తువు లోకంలో ఒక్కటీ దొరకలేదు.

"బొమ్మలన్నీ తీసేస్తే ఊరట నడవదు సామీ" అన్నాడు. "నడవకుంటే ఎవరూ రారు. తెనాలి పెద్దాయన అన్నం తిన్నాడంటే మనం డబ్బిచ్చి పిలిచినందుకే కదా. అట్లాంటోళ్ళు ఇంగెంతమంది ఉండారో!"

"అదీ నిజమే" అన్నాడు తాత.

ఆ తర్వాత ఆయన లోపలికి పోయి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్చి వచ్చేసరికి తాత పెట్టె పక్కన నిలబడి ఉన్నాడు.

"మద్దిలేటీ, ఇది విప్పు."

విప్పాడు. నీలం గుడ్డ, బాతుబొమ్మలు. మడతలో ఇంకా కొత్త వాసన పోలేదు.

"వసారాలో దూలానికి కట్టు. చాపకు ఎదురుగా. వచ్చి కూచున్నోళ్ళకు కనబడేట్ల కట్టు."

"సామీ?"

"కావల్సినోళ్ళు కొనుక్కుని పోతారు. మకానం ఖర్చులకు అయితాది."

ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. నీళ్ళు తోడుకురా అన్నట్టే అన్నాడు. అని, లోటా తీసుకుని చేలవైపు వెళ్ళిపోయాడు.

మద్దిలేటి పీట వేసుకుని ఎక్కాడు. గురువు చెప్పాడు, చెయ్యాలి. దూలానికి తాడు వేసి ముడి బిగించాడు. గుడ్డ విచ్చుకుంది. చేలమీదినుంచి వచ్చిన గాలికి ఖాళీ ఉయ్యాల అటూ ఇటూ ఊగింది.

రోడ్డు మలుపు దగ్గర ఎవరో వస్తున్నారు. ఇద్దరు. ముసలాయన మోచెయ్యి పట్టుకుని ముసలామె నడుస్తోంది. దూరంనుంచే మద్దిలేటికి ఆ నడక తెలుసు. ఇక్కడికి వచ్చేవాళ్ళందరూ అట్లాగే నడుస్తారు, కాళ్ళకింద నేల ఉందో లేదో చూసుకుంటున్నట్టు.

వాళ్ళకు ఎవరు పోయారో తెలియదు. కొడుకో, కూతురో, మనవడో.

ముడి విప్పబోయాడు. రాలేదు. తానే గట్టిగా బిగించాడు. గోళ్ళతో పీకాడు. వాళ్ళు బావిదాకా వచ్చేశారు. పళ్ళతో కొరికి లాగాడు. తాడు తెగి వచ్చింది. పీట మీదినుంచి దూకి, ఉయ్యాలను రెండు చేతులా పొట్టకు అదుముకుని లోపలికి పరుగెత్తాడు. జొన్నబస్తాల వెనక పెట్టి దుప్పటి కప్పాడు. పెదవి చీరి నెత్తురు వస్తోంది. తుడుచుకుని బయటికి వచ్చి చాప దులిపి పరిచాడు.

"రండి పెద్దాయనా, ఇట్ల కూచోండి" అన్నాడు.

తాత చేలనుంచి తిరిగి వచ్చాడు. బోసిగా ఉన్న దూలం వైపు చూశాడు. కాళ్ళు కడుక్కుని, వచ్చినవాళ్ళ ఎదుట కూర్చున్నాడు.

ఆ మధ్యాహ్నమే మద్దిలేటి ఊరట పేజీల్లోంచి బొమ్మలన్నీ తీసేశాడు. కంపెనీకి ఇచ్చే డబ్బూ ఆపేశాడు. సైటు పక్కనుంచి జనం అట్లాగే పోతున్నారు, ఎవరూ లోపలికి తిరగడం లేదు. ఎప్పుడో ఒకరు దారితప్పి వచ్చినట్టు వచ్చిపోతారు. జొన్నలు అయిపోతున్నాయి. తెనాలి పెద్దాయనలాంటివాడు ఇవాళ ఎక్కడో అన్నం ముందు కూర్చుని ఉంటాడని, ఈ గొంతు అతనికి వినబడదని, చెయ్యి కడుక్కుని లేచిపోతాడని మద్దిలేటికి తెలుసు. అది తెలిసి ఊరుకోవడం చాలా కష్టంగా ఉండేది.

ఒకరోజు ఉండబట్టలేక అన్నాడు. "సామీ, ఊరటకు ఎవరూ రావడం లేదు."

తాత తువ్వాలు భుజాన వేసుకున్నాడు. చెప్పులు తొడుక్కున్నాడు.

"వాళ్ళ ఏడుపు వాళ్ళింట్లో ఉండాది. మనకాడికి వాళ్ళెందుకు రావల్ల?" అన్నాడు. "నడు."

ఇద్దరూ రోడ్డెక్కి, వచ్చిన బస్సు పట్టుకుని ఎమ్మిగనూరులో దిగారు. తాత దారి అడుక్కుంటూ నడిచాడు. మగ్గాల చప్పుడు వినబడే సందులో, పసుపు గుమ్మం ముందు ఆటో నిలబెట్టి ఉంది. ఈరన్న తల్లి వాళ్ళను చూసి గబగబా గొంగళి పరిచింది. హంపమ్మ లోపలినుంచి వచ్చింది. తలగుడ్డ తీసేసింది. మనిషి ఇంకా చిక్కింది.

తాత గోడవారగా కూర్చున్నాడు.

మద్దిలేటి కూర్చోలేదు. ఈ మాటలు బస్సులో కూడా కూడగట్టుకుంటూనే వచ్చాడు. "అమ్మా, ఆ ఉయ్యాల తాత పంపలేదు. తాతకు ఏమీ తెలీదు. ఆ సైటు పెట్టింది నేను. సైటు నడిచేదానికని బొమ్మలు పెట్టించినా. నీకు ఉయ్యాల చూపించింది నేనే. నువ్వు నొక్కితే నాకు డబ్బులొచ్చినాయి."

సందులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

హంపమ్మకు అతని మాట మెల్లగా అర్థమయింది. ఆమె ముఖంలో కోపం రాలేదు. ఇన్నాళ్ళూ లోపల ఎక్కడో పట్టుకుని ఉన్నదాన్ని వదిలేసినట్టు, భుజాలు కిందికి జారాయి.

"అయితే తాత పంపల్యా?" అంది.

"లేదమ్మా."

"తాత పంపినాడు, కాకుంటే బిడ్డ వచ్చే టైం ఇంగా రాల్య, అనుకుంటా ఉంటి" అంది ఆమె. "అదీ లేదా."

అతను దీనికి సిద్ధపడి రాలేదు. తిట్లకు సిద్ధపడ్డాడు, చీవాట్లకు సిద్ధపడ్డాడు. నిజం చెబితే ఆమెకు కాస్త భారం తగ్గుతుందని కూడా అనుకున్నాడు. ఆమె దగ్గర మిగిలిన ఒక్కదాన్నీ తన చేత్తో తీసేశాడు. తాత వైపు చూశాడు. తాత కళ్ళు నేలమీద ఉన్నాయి.

మద్దిలేటి గుమ్మంలోనే కూలబడి, రెండు చేతులతో తల పట్టుకున్నాడు. లోపల ఏళ్ళ తరబడి బిగించిన ముడి ఏదో తెగిపోయింది. పరాయివాళ్ళ ఇంట్లో, ముసలామె చూస్తుండగా, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

హంపమ్మ లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి అతని ముందు పెట్టింది. వెళ్ళిపోకుండా అక్కడే నిలబడి కాసేపు చూసింది. ఆ ఏడుపు ఒక ఉయ్యాల కోసం కాదని ఆమెకు తెలిసినట్టుంది.

"నీకెవరు పోయినారన్నా?" అని అడిగింది.

మద్దిలేటి తల ఎత్తలేదు. "తమ్ముడు" అన్నాడు. "రంగముని."

గోడవార ఉన్న తాత జరిగి ఆమెకు చోటిచ్చాడు. హంపమ్మ కొంగు సర్దుకుని, మద్దిలేటికి ఎదురుగా కూర్చుంది.